పాఠ్యపుస్తకం లైబ్రరీలో దొరకాలంటే

(పీజీ మొదటి సంవత్సరంలో చేరిన విద్యార్థుల అవగాహన సదస్సులో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం. చివర సభలో వచ్చిన ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. హాస్టల్ గదులు, ఫీజు చలానాలు, ఐడీ కార్డుల హడావిడి మీలో చాలామందికి ఇంకా తీరలేదు. అయినా ఈ సదస్సు ఇప్పుడే పెట్టమని నిర్వాహకులను మేమే అడిగాం. తరగతులు మొదలైన రెండు మూడు వారాలకల్లా పాఠ్యపుస్తకాల ప్రతులన్నీ బయటికి వెళ్లిపోతాయి. ఆ తర్వాత ఎంత మంచి సలహా చెప్పినా సగమే పనికొస్తుంది.

మీరంతా ఒకే క్యాంపస్ వాళ్లు కాదు. ఎన్ని పుస్తకాలిస్తారు, ఎన్ని రోజులకిస్తారు, రోజుకు ఫైన్ ఎంత అన్నవి ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటాయి. నేను చెప్పే అంకెలు లెక్క తెలియడానికే. మీ లైబ్రరీ నియమాల కాగితం తెచ్చుకుని పక్కన పెట్టుకోండి.

ముందుగా ఒక లెక్క. తరగతిలో 60 మంది. ఆ పేపరుకు చెప్పిన పుస్తకం ఇంటికిచ్చే ప్రతులు 5. సెమిస్టర్ 16 వారాలు. ఒక్కొక్కరికి 14 రోజులకు ఇస్తే ఒక్కో ప్రతి 8 మంది చేతులు మారుతుంది. అంటే 40 మందికి ఒక్కసారి దొరుకుతుంది, 20 మందికి దొరకదు. తీసుకున్న ప్రతి ఒక్కరూ ఒకసారి రెన్యూ చేయించుకున్నారనుకోండి, 40 కాస్తా 20 అవుతుంది. తిరిగిచ్చేవాళ్లు రెండు రోజులు ఆలస్యం చేస్తే 8 మార్పులు 7కు పడిపోతాయి. అదే పుస్తకం ఒక ప్రతిని లైబ్రరీలోనే ఉంచి మూడేసి గంటలకు ఇస్తే పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా ముగ్గురు, రాత్రికి ఇంటికి తీసుకెళ్లేవాళ్లు ఒకరు, రోజుకు నలుగురు. వారానికి ఆరు పనిదినాల్లో 24 మంది. రెండు ప్రతులు అలా ఉంచితే 60 మందిలో 48 మందికి వారానికో విడత అందుతుంది.

ఈ లెక్క బాగా మనసులో పెట్టుకోండి. పుస్తకం కొరత అని మనం అంటున్నదాంట్లో కొంత నిజంగా ప్రతులు తక్కువై వచ్చింది. చాలా భాగం మాత్రం, ఒక అధ్యాయం చదవాల్సిన వాళ్లు పుస్తకాన్ని నెలరోజులు గదిలో పెట్టుకోవడం వల్ల వచ్చింది. కాబట్టి లైబ్రరీకి వచ్చే ముందు మీరు తేల్చుకోవాల్సింది, మీకు కావలసింది పుస్తకమా, ఆ పుస్తకంలోని మూడో అధ్యాయమా, అది ఏ వారంలో కావాలి అన్నది. దీనికి జవాబు మీ సిలబస్ కాగితంలో సగం ఉంటుంది, మీ అధ్యాపకుల దగ్గర సగం ఉంటుంది.

సిలబస్‌లో ప్రతి పేపరుకూ నాలుగో అయిదో యూనిట్లు, కింద పుస్తకాల పట్టిక ఉంటాయి. ఆ పట్టికలో రెండు రకాలు కలిసి ఉంటాయి. టెక్స్ట్ బుక్స్ అని రాసినవి తప్పనిసరి. రిఫరెన్స్ అనో అదనపు పఠనం అనో రాసినవి అవసరాన్ని బట్టి. కొన్ని సిలబస్‌లలో ఈ తేడా చూపించకుండా పది పేర్లు వరుసగా ఇస్తారు. పదీ తెచ్చుకోవాలని బయలుదేరితే పనిజరగదు. మొదటి తరగతిలోనే అధ్యాపకుణ్ణి మూడు విషయాలు అడగండి: ఏ యూనిట్‌కు ఏ పుస్తకం, ఏ ఎడిషన్, అందులో ఏ అధ్యాయాలు. నోటు పుస్తకంలో ఒక పేజీ గీసుకుని యూనిట్, పుస్తకం, రచయిత, ఎడిషన్, అధ్యాయాలు, ఆ పాఠం జరిగే వారం అని గడులు పెట్టండి. నాలుగు పేపర్లకు నాలుగు పేజీలు. సెమిస్టర్ మొత్తంలో లైబ్రరీ కోసం మీరు చేసే పనుల్లో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే.

ఎడిషన్ అడగమన్నది ఊరికే కాదు. ఫిజిక్స్ వాళ్లకు బాగా తెలిసిన పుస్తకం ఒకటి చెబుతాను. గ్రిఫిత్స్ క్వాంటం మెకానిక్స్ మూడో ఎడిషన్ 2018లో వచ్చింది. దానికి ష్రోటర్ అనే సహ రచయిత చేరారు. సౌష్ఠవాల మీద ఒక కొత్త అధ్యాయం మధ్యలో వచ్చింది. దాంతో రెండో ఎడిషన్‌లో 6వ అధ్యాయంగా ఉన్న పెర్టర్బేషన్ సిద్ధాంతం మూడో దాంట్లో 7వ అధ్యాయమైంది. ‘ఆరో అధ్యాయం లెక్కలు చేసుకు రండి’ అని అధ్యాపకుడు చెప్పినప్పుడు మీ చేతిలో ఏ ఎడిషన్ ఉందన్నదాన్ని బట్టి మీరు చేసే లెక్కలు మారిపోతాయి. మరో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. టైటిల్ పేజీ వెనక ‘రీప్రింట్ 2019’ అని చూసి 2019 ఎడిషన్ అనుకుంటారు. రీప్రింట్ అంటే పాతదే మళ్లీ అచ్చువేశారని. ఎడిషన్ నంబరు విడిగా ఉంటుంది, దాన్నే చూడాలి.

అయితే పాత ఎడిషన్‌ను తీసిపారేయకండి. గణితంలో, రసాయనంలో ప్రాథమిక భాగాలకు పాత ఎడిషన్ చక్కగా సరిపోతుంది. అది రాక్‌లో ఎవరూ ముట్టకుండా ఉంటుంది కూడా. పన్ను చట్టాలు, కంపెనీ చట్టం, అకౌంటింగ్ ప్రమాణాలు చదివేవాళ్లు మాత్రం పాతది ముట్టుకోవద్దు. సెక్షన్లే మారిపోయి ఉంటాయి.

ఇక వెతకడం. చాలా విశ్వవిద్యాలయాల్లో కేటలాగు ఇప్పుడు కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ మీదో, ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్ర సంస్థ తయారుచేసిన సోల్ సాఫ్ట్‌వేర్ మీదో నడుస్తోంది. ఫోన్‌లోంచే చూడొచ్చు. పుస్తకం పేరు మొత్తం కొట్టకండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ‘ఫలితాలు లేవు’ అంటుంది. రచయిత ఇంటిపేరు, పుస్తకం పేరులో ఒక గట్టి మాట, ఈ రెండూ చాలు. మన రచయితల దగ్గర జాగ్రత్త పడాలి. విశ్వనాథ సత్యనారాయణ గారు ఒక లైబ్రరీలో విశ్వనాథ కింద, మరో లైబ్రరీలో సత్యనారాయణ కింద ఉంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించిన చోట ‘శ్వ’ను మూడు నాలుగు రకాలుగా రాసి ఉంటారు. పెద్దన గారి కావ్యాన్ని మనుచరిత్ర అని, మనుచరిత్రము అని, స్వారోచిష మనుసంభవము అని ఎక్కించిన కేటలాగులున్నాయి. అందుకే ‘మను’ అని మొదటి ముక్క కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టండి. కోహాలో ఆ గుర్తు పెడితే మిగతా రూపాలన్నీ వస్తాయి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు లిపిలో ఒకసారి వెతకండి. రెండింటిలోనూ లేకపోతేనే లేదనుకోవాలి.

పుస్తకం కనిపించాక కింద ప్రతుల పట్టిక వస్తుంది. దాన్ని చదవకుండా చాలామంది కాల్ నంబరు ఒక్కటి రాసుకుని రాక్‌ల వైపు వెళ్లిపోతారు. ఒక్కో వరుస ఒక్కో ప్రతి. అందులో అక్సెషన్ నంబరు, ఏ విభాగంలో ఉంది, స్థితి ఏమిటి అన్నవి ఉంటాయి. ‘అవైలబుల్’ అంటే ఇంకా ఎవరూ తీసుకోలేదు. ‘చెక్డ్ అవుట్’ పక్కన తేదీ ఉంటే ఆ రోజుకు తిరిగి రావాలి. ‘నాట్ ఫర్ లోన్’ అంటే అది రిఫరెన్స్ ప్రతి. ఇంటికివ్వరు, కానీ అక్కడ కూర్చుని ఎంతసేపైనా చదువుకోవచ్చు. విభాగం అన్న గడిలో టెక్స్ట్ బుక్ సెక్షన్ అని గానీ, శాఖ సెమినార్ లైబ్రరీ అని గానీ ఉంటే పెద్ద హాల్లో ఎంత వెతికినా దొరకదు. కాల్ నంబరూ అక్సెషన్ నంబరూ రెండూ రాసుకోండి. కాల్ నంబరు పుస్తకం చోటు చెబుతుంది, అక్సెషన్ నంబరు ఆ ఒక్క ప్రతిని చెబుతుంది. కౌంటర్‌లో మాకు ఎక్కువ పనికొచ్చేది రెండోది.

రాక్ దగ్గర పొరపాటు ఎక్కడ జరుగుతుందో చెబుతాను. మనకు ఎక్కువగా ఉన్నది డ్యూయీ పద్ధతి, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే పద్ధతి. అర్థశాస్త్రం 330 దగ్గర, భౌతికశాస్త్రం 530 దగ్గర, ఆర్గానిక్ కెమిస్ట్రీ 547 దగ్గర, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటాయి. చుక్క తర్వాతి అంకెలను దశాంశాలుగా చదవాలి. 530.12 ముందు వస్తుంది, 530.4 తర్వాత, దాని వెనక 530.41. పన్నెండు నాలుగు కన్నా పెద్దదని 530.12 కోసం ముందుకు ముందుకు పోతే మీ పుస్తకం వెనకే ఉండిపోతుంది. అంకెలు ఒకటే అయితే కింద ఉన్న రచయిత అక్షరాల వరుస చూడాలి. కొన్ని పాత లైబ్రరీల్లో మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి కోలన్ వర్గీకరణ ఇప్పటికీ ఉంది. అక్కడ ముందు ఇంగ్లీషు అక్షరం వస్తుంది: భౌతికశాస్త్రానికి సి, రసాయనానికి ఇ, అర్థశాస్త్రానికి ఎక్స్, సాహిత్యానికి ఓ.

కేటలాగులో ‘అవైలబుల్’ అని ఉంది, రాక్‌లో లేదు. రోజూ వచ్చే ఫిర్యాదు ఇది. కేటలాగు తప్పు చెప్పిందని వెనక్కి వెళ్లిపోకండి. పుస్తకం భవనంలోనే ఉండే అవకాశం ఎక్కువ. ఆ అరకు పైన, కింద, పక్కన ఒక్కో అర చూడండి, తొందరలో పక్క అరలో పెట్టేవాళ్లు ఎక్కువ. దగ్గర్లోని చదువుకునే బల్లల మీద చూడండి. ఆ రోజు తిరిగొచ్చి ఇంకా సర్దని పుస్తకాల ట్రాలీ చూడండి, పొద్దుటి వేళ అది నిండి ఉంటుంది. రిటర్న్ అయిన వెంటనే కంప్యూటర్‌లో ‘అవైలబుల్’ అని పడిపోతుంది, రాక్‌లోకి చేరడానికి మాత్రం కొన్ని గంటలు, రద్దీ రోజుల్లో ఒక రోజు పడుతుంది. అక్కడా లేకపోతే అక్సెషన్ నంబరు రాసిన చీటీతో కౌంటర్‌కు రండి. బైండింగ్‌కు వెళ్లిందేమో చూస్తాం. లేకపోతే వెతుకులాట జాబితాలో వేస్తాం. చీటీ ఇవ్వకుండా వెళ్లిపోతే ఆ ప్రతి మాయమైందని మాకు సంవత్సరాంతపు స్టాక్ వెరిఫికేషన్ దాకా తెలియదు.

కొందరు చేసే పని ఒకటి గట్టిగా చెప్పాలి. పరీక్షల ముందు పుస్తకాన్ని తమకోసం వేరే సబ్జెక్టు రాక్‌లో దాచి వెళతారు. ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం చరిత్ర విభాగంలో దొరుకుతుంది. దాచిన విద్యార్థి మర్నాడు రాకపోతే ఆ పుస్తకం ఆ సెమిస్టర్‌కు ఎవరికీ లేనట్టే. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిది పుస్తకాలు వాడుక కోసమే అన్నది. దాచిపెట్టిన పుస్తకం ఆ పని చేయలేదు.

ఇష్యూ కౌంటర్ దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. పుస్తకం తెరిచి పేజీలు చిరిగాయా, మధ్యలో ఫారం, అంటే కలిపి కుట్టిన కొన్ని పేజీల కట్ట, ఊడిపోయిందా, రేఖాచిత్రాల పేజీలు కోసేశారా చూసుకోండి. లోపం కనిపిస్తే అప్పుడే చెప్పి చీటీ మీద రాయించుకోండి. తిరిగిచ్చేటప్పుడు ‘నేను తీసుకునేటప్పటికే ఇలా ఉంది’ అంటే రుజువుండదు. తేదీ చీటీ మీద ముద్ర పడిందా, మీ ఖాతాలో పడిన అక్సెషన్ నంబరూ పుస్తకం మీదదీ ఒకటేనా అన్నది కూడా చూసుకోండి. ఒకే పుస్తకం అయిదు ప్రతులున్నచోట నంబర్లు తారుమారై, బకాయిలు లేవనే నో డ్యూస్ పత్రం తీసుకునే సమయంలో ఇద్దరికి తలనొప్పి వస్తుంది. తిరిగిచ్చేటప్పుడు మీ ఖాతాలోంచి ఆ పుస్తకం పోయిందని మీ కళ్లతో చూశాకే కౌంటర్ వదలండి. మీ పేరు మీద తీసుకున్నది స్నేహితుడికి ఇచ్చి, ‘నువ్వే ఇచ్చెయ్’ అనకండి. ఫైన్ మీ పేరు మీదే పడుతుంది. హాల్ టికెట్ ఆగితే మీదే ఆగుతుంది.

టెక్స్ట్ బుక్ సెక్షన్ గురించి ఇంకొంచెం ఎక్కువ చెప్పాలి. మీకు అన్నిటికన్నా పనికొచ్చేది, మీరు అన్నిటికన్నా తక్కువగా వాడేది ఇదే. ఇక్కడి పుస్తకాలు మీ ఐడీ కార్డు తీసుకుని రెండు మూడు గంటలకు ఇస్తారు. సాయంత్రం మూసేముందు ఓవర్‌నైట్ ఇష్యూ ఉంటుంది, మర్నాడు పొద్దున తెరిచిన గంటలోపు తిరిగివ్వాలి. ఫైన్ రోజులెక్కన కాదు, గంటలెక్కన పడుతుంది. అది కఠినంగా కనిపిస్తుంది, కానీ మర్నాడు తొమ్మిదింటికి అదే పుస్తకం కోసం మరొకరు వచ్చి నిలబడతారు. ఓవర్‌నైట్ కోసం మూసే గంటకు వస్తే వట్టి చేతులతో వెళతారు. ఇష్యూ మొదలయ్యే సమయానికి పావుగంట ముందు రండి. ఆదివారం సెలవున్న లైబ్రరీల్లో శనివారం సాయంత్రం తీసుకున్నది సోమవారం పొద్దున ఇవ్వొచ్చు. దాదాపు 39 గంటలు మీ దగ్గర ఉంటుంది, రెండు అధ్యాయాలకు అది చాలు. ఆ శనివారపు విడత కోసం నలుగురైదుగురు స్నేహితులు కలిసి ముందే మాట్లాడుకుని వంతులు వేసుకోండి. మూడు గంటలకు తీసుకుంటే ఏ పేజీలు చదవాలో రాసుకుని కూర్చోండి, పుస్తకం అందాక ఏం చదవాలని ఆలోచిస్తే గంట అక్కడే పోతుంది.

అన్ని ప్రతులూ బయట ఉంటే రిజర్వ్ చేయండి. కోహాలో ‘ప్లేస్ హోల్డ్’ అని ఉంటుంది. మీ వంతు వచ్చాక పుస్తకాన్ని కౌంటర్ వెనక మీ పేరుతో రెండు మూడు రోజులే ఉంచుతారు. మెసేజ్ వచ్చిన రోజే రండి. రిజర్వేషన్ వల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. ఎవరైనా రిజర్వ్ చేసిన పుస్తకాన్ని ఇప్పుడున్న వ్యక్తి రెన్యూ చేయించుకోలేరు. లెక్కలో 20కి పడిపోయిన సంఖ్య మళ్లీ 40కి ఎక్కేది ఇక్కడే.

ప్రతులు పెంచాలన్నా రిజర్వేషనే ఆధారం. కౌంటర్ దగ్గరికొచ్చి ‘ఈ పుస్తకం ఎప్పుడూ దొరకదు సార్’ అని నోటిమాటగా చెప్పిన కొరత ఎక్కడా నమోదు కాదు. అయిదు ప్రతులకు 18 మంది క్యూలో ఉన్నారని కంప్యూటర్ చూపిస్తే దాన్ని కొనుగోలు కమిటీ ముందు పెట్టగలం. మీ శాఖ ద్వారా సిఫారసు కాగితం ఇచ్చేటప్పుడు రచయిత, పేరు, ఎడిషన్, సంవత్సరం, ప్రచురణకర్త, ఒక్కో ఎడిషన్‌కు విడిగా ఉండే 13 అంకెల ఐఎస్‌బీఎన్ సంఖ్య, పేపరు కోడ్, తరగతిలో ఎంతమంది, ఇప్పుడు ఎన్ని ప్రతులున్నాయి అన్నవి రాయండి. ఐఎస్‌బీఎన్ లేకుండా వచ్చిన సిఫారసులకే తప్పు ఎడిషన్ వస్తుంది, లేదా భారతీయ చవక ముద్రణ ఉండగా ఖరీదైన విదేశీ ముద్రణ వస్తుంది. ఆ డబ్బుతో నాలుగు ప్రతులు కొనాల్సింది ఒకటే వస్తుంది. కమిటీ ఆమోదం, ఆర్డరు, సరఫరా, అక్సెషన్ రిజిస్టరు, వర్గీకరణ, లేబుల్, బార్‌కోడ్ అన్నీ దాటి పుస్తకం రాక్‌కు చేరేసరికి నెలలు పడుతుంది. ఈ సెమిస్టర్‌లో మీరిచ్చిన కాగితం మీ జూనియర్లకు అందుతుంది. అయినా ఇవ్వండి. ఇప్పుడు రాక్‌లో ఉన్నవి మీ సీనియర్లు అలా అడిగినవే.

బుక్ బ్యాంకు ఉన్నచోట సెమిస్టర్ మొదట్లో పుస్తకాల సెట్టు ఇచ్చి పరీక్షలయ్యాక తీసుకుంటారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల కోసం ప్రత్యేక నిధులతో కొన్న సెట్లు చాలా క్యాంపస్‌లలో ఉన్నాయి. సాధారణంగా మామూలు కార్డు మీద ఇచ్చే పుస్తకాల లెక్కలో వీటిని కలపరు. నోటీసు బోర్డులో ఒక వారం ఉండి పోయే ప్రకటన ఇది. ఆ వారం తప్పిపోతే సెట్లు మిగిలి ఉండి కూడా ఇవ్వడం కష్టమవుతుంది. కుల ధ్రువీకరణ పత్రం నకలు, ప్రవేశ రసీదు ముందే సిద్ధం చేసుకుని, ఈ వారమే వెళ్లి అడగండి.

జిరాక్స్ సంగతి. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బోధనలో భాగంగా చేసే కాపీకి మినహాయింపు ఇస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని జిరాక్స్ దుకాణం మీద 2012లో మూడు పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేశాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు, ముందు ఏకసభ్య ధర్మాసనం, తర్వాత ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, తరగతి కోసం అధ్యాయాలు కలిపి చేసిన కోర్సు ప్యాక్‌లు బోధనకు అవసరమైన మేరకు తప్పు కాదన్నాయి. మొత్తం పుస్తకాలకు పుస్తకాలే కాపీ తీయడం గురించి విచారణ జరగాలని రెండో ధర్మాసనం వదిలిపెట్టింది. 2017లో ప్రచురణకర్తలు కేసు వెనక్కి తీసుకున్నారు. కాబట్టి ఆ తీర్పు చూపించి 800 పేజీల పుస్తకం బైండింగ్‌తో సహా కాపీ చేయించుకోవద్దు. మీ పట్టికలో రాసుకున్న అధ్యాయం కాపీ చేసుకోండి. బిగుతు బైండింగ్ పుస్తకాన్ని యంత్రం మీద బలంగా నొక్కితే వీపు విరుగుతుంది. ఫోన్‌తో ఫొటో తీసుకుంటే పుస్తకం క్షేమం, డబ్బూ మిగులుతుంది.

ఈ-బుక్స్ మీద ఒక అపోహ తొలగించాలి. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం వచ్చింది, ఇక పాఠ్యపుస్తకాలన్నీ ఆన్‌లైన్‌లో ఉచితం అనుకునేవాళ్లున్నారు. అది పరిశోధన పత్రికల కోసం. పాఠ్యపుస్తకాలకు మీ లైబ్రరీ విడిగా కొన్న ఈ-బుక్ జాబితా చూడాలి. అందులో కొన్నిటికి ఒకేసారి ఒకరికి, కొన్నిటికి ముగ్గురికే అనుమతి. చదవడం అయ్యాక ట్యాబ్ మూసేస్తే చాలదు, సైన్ అవుట్ కావాలి. లేకపోతే సెషన్ గడువు తీరేదాకా తర్వాతివాళ్లకు తలుపు తెరుచుకోదు. క్యాంపస్ బయట నుంచి చదవాలంటే ఇన్‌ఫెడ్ లాంటి రిమోట్ లాగిన్ మీ లైబ్రరీలో ఉందేమో అడిగి ఈ వారమే తెరిపించుకోండి. పుస్తకం దొరకని యూనిట్లకు ఈ-పీజీ పాఠశాల వెబ్‌సైట్‌లోని పాఠాలు, సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకు ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు ఉన్నాయి. పుస్తకానికి బదులు కావవి, పుస్తకం వచ్చేదాకా పని నడుపుతాయి.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: సార్, పుస్తకం పోతే ఏం చేయాలి?

పోయిందని తెలిసిన రోజే కౌంటర్‌లో రాతపూర్వకంగా చెప్పండి. చాలా లైబ్రరీల్లో ఆ రోజుతో ఫైన్ ఆగుతుంది. ఆలస్యం చేస్తే పుస్తకం ధరా కట్టాలి, పెరిగిన ఫైనూ కట్టాలి. సాధారణంగా అదే ఎడిషన్ గానీ కొత్త ఎడిషన్ గానీ కొనిస్తే తీసుకుంటారు. కొనేముందు లైబ్రరీలో అడిగి, ఏ ఎడిషన్ అంగీకరిస్తారో రాయించుకోండి. జిరాక్స్ ప్రతి గానీ, దొంగ ముద్రణ గానీ తెస్తే తీసుకోరు. మార్కెట్లో లేని పుస్తకమైతే ధర మీద రెట్టింపో అంతకన్నా ఎక్కువో కట్టించుకునే నియమం ఉంటుంది.

ప్రశ్న: నేను ఎం.ఏ. తెలుగు. కావ్యాలు, వ్యాఖ్యానాలు అచ్చులో లేవంటున్నారు. లైబ్రరీలో ఉన్నది రిఫరెన్స్ ప్రతి ఒక్కటే.

మీ సబ్జెక్టులో ఇది నిజమైన కష్టం. మూల కావ్యం వరకు దారి ఉంది. పాత కవుల మూలాలకు కాపీరైట్ అడ్డు లేదు. ఆంధ్రభారతి, తెలుగు వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లలో వెతకండి. ఆధునిక వ్యాఖ్యానానికి, పీఠికకు మాత్రం ఆ రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. పద్యసంఖ్యలు ప్రతికీ ప్రతికీ మారతాయి, కొన్నిటిలో వచనాలకూ సంఖ్య వేస్తారు. కాబట్టి నోట్సులో ఆశ్వాసం, పద్యసంఖ్యతోపాటు పద్యం మొదటి పాదం కూడా రాసుకోండి. పరీక్షలో అదే పనికొస్తుంది. వ్యాఖ్యానాల కోసం పాత గ్రంథాలయాలకు వెళ్లాలి. హైదరాబాద్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉన్నాయి. వెళ్లేముందు ఫోన్ చేసి ఆ పుస్తకం ఉందా, బయటివాళ్లకు చూపిస్తారా అడగండి. మీ శాఖాధిపతి ఇచ్చిన పరిచయ లేఖ తీసుకెళ్లండి. కాగితం పెళుసుగా ఉంటుంది, జిరాక్స్ అడగకండి, ఫ్లాష్ లేకుండా ఫొటోకు అనుమతి అడగండి.

ప్రశ్న: వేరే విశ్వవిద్యాలయం నుంచి తెప్పించుకోలేమా?

లైబ్రరీలు ఒకదానికొకటి పుస్తకాలు అరువిచ్చుకునే డెల్‌నెట్ అనే నెట్‌వర్క్‌లో సభ్యత్వం ఉంటే మీ లైబ్రరీ ద్వారా అడగొచ్చు. కానీ పాఠ్యపుస్తకాలను అక్కడా వాళ్ల విద్యార్థులు అడుగుతుంటారు కాబట్టి సెమిస్టర్ నడుస్తుండగా ఇవ్వడం అరుదు. పాఠ్యపుస్తకం కోసం కాకుండా, సెమినార్ పేపరుకు కావలసిన అరుదైన పుస్తకం కోసం ఈ దారి వాడుకోండి.

ప్రశ్న: మేడమ్ చెప్పారు, అమెరికాలో ఎం.ఎస్.కు వెళ్లినవాళ్లు పుస్తకాలు అసలు కొనరట. నిజమేనా సార్?

అన్నీ కొనక్కర్లేదు, కొన్ని కొనక తప్పదు. అక్కడ ‘కోర్సు రిజర్వ్స్’ అని ఉంటుంది, మన టెక్స్ట్ బుక్ సెక్షన్ లాంటిదే. అధ్యాపకులు అడిగితే లైబ్రరీ తన ప్రతినో, అధ్యాపకుడి సొంత ప్రతినో రెండు మూడు గంటల ఇష్యూ మీద పెడుతుంది. ఆలస్యమైతే గంటలెక్కన డాలర్లలో పడే చోట్లున్నాయి. కేటలాగులో పుస్తకం పేరుతో పాటు కోర్సు నంబరుతోనూ, అధ్యాపకుడి పేరుతోనూ వెతకాలి. ఒక లైబ్రరీ మరో లైబ్రరీకి అరువిచ్చే ఇంటర్ లైబ్రరీ లోన్‌లో పాఠ్యపుస్తకాలను చాలా లైబ్రరీలు ఇవ్వవు. హోంవర్క్ ఆన్‌లైన్‌లో సమర్పించడానికి యాక్సెస్ కోడ్ కావలసిన పుస్తకాలుంటాయి. ఆ కోడ్ ఒక్కరికే పనిచేస్తుంది, లైబ్రరీ అరువివ్వలేదు. అక్కడికి వెళ్లేవాళ్లు మొదటి వారంలో సిలబస్ చూసి, కోడ్ తప్పనిసరా, పుస్తకం చాలా అని ప్రొఫెసర్‌ను అడిగాకే డబ్బు పెట్టాలి. ఇక్కడినుంచి ‘భారత ఉపఖండంలో మాత్రమే అమ్మకానికి’ అని ముద్రించిన ఎడిషన్ తీసుకెళ్తే అధ్యాయం చివరి లెక్కల నంబర్లు వాళ్ల ఎడిషన్‌తో కలవకపోవచ్చు. పుస్తకంలోని పాఠం చదువుకోవడానికి సరిపోతుంది. హోంవర్క్ నంబర్ల కోసం మాత్రం రిజర్వ్‌లో ఉన్న ప్రతిలోంచి ఆ పేజీ ఫొటో తీసుకోండి.

ప్రశ్న: మాది అనుబంధ కళాశాల. క్యాంపస్ లైబ్రరీ మమ్మల్ని రానిస్తుందా?

ఇంటికి పుస్తకం ఇవ్వడం చాలాచోట్ల కుదరదు, కూర్చుని చదువుకోవడానికి రానిస్తారు. ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర ఉన్న లేఖ, మీ ఐడీ కార్డు, రెండు ఫొటోలు తెచ్చుకోండి. లేఖలో మీ పేరు, కోర్సు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కావాలో స్పష్టంగా రాయించండి. తేదీలు లేని లేఖను ఒక్క రోజుకే చెల్లుబాటు చేసే చోట్లున్నాయి. పరీక్షల నెలలో సీట్లు క్యాంపస్ వాళ్లకే సరిపోవు కాబట్టి ఆ నెలలో బయటివాళ్లను ఆపేస్తారు. మీ చదువు అంతకుముందే పెట్టుకోండి. మంగళ, బుధ వారాల మధ్యాహ్నాలు సాధారణంగా ఖాళీగా ఉంటుంది. ముందు రోజు రాత్రి కేటలాగులో చూసి అక్సెషన్ నంబర్లు రాసుకుని వస్తే, లోపలికొచ్చిన పది నిమిషాల్లో పుస్తకం మీ బల్ల మీద ఉంటుంది.